ఆలస్య రుసుము

రిటైరైన రోజు గోడగడియారం ఒకటి ఇచ్చినారు.
మేకు కొట్టే తీరికుండి కూడా కొట్టలేదు,
ఆరు నెలలు అట్టపెట్టెలోనే టిక్కుటిక్కుమంది పాపం.

తర్వాత ఈ రోగం తగులుకుంది.
గ్రీమ్స్‌పేటలో పాతసామాన్ల దస్తగిరి
వాల్వు రేడియోలు కిలో లెక్కన అమ్ముతాడు,
చెక్క వేరే, రాగి వేరే, గాజు ఊరికే.
"ఏం చేసుకుంటావు సార్ వీటిని?" అంటాడు.
చేసుకునేదేముంది. మూత తీస్తాను.

మూత తీస్తే ఒక్కోదాంట్లో ఒక్కో సంసారం.
బల్లి గుడ్లు, వక్కపలుకు,
ఎలక కొరికిన పెండ్లిపత్రిక,
ఎవరో బిడ్డ దాచిపెట్టుకున్న బలపం.
ముందు బ్రష్షుతో దుమ్ము, తర్వాత స్పిరిట్టు దూది,
తర్వాత కారిపోయిన కెపాసిటర్లు
పుప్పిపండ్లు పీకినట్టు ఒక్కొక్కటే పీకడం.
ముల్లు తిప్పే దారం తెగుంటే
నగరి మగ్గాల నూలుకి మైనం రాసి కడతాను.
ఒకసారి చాసీ మీద చెయ్యి పెట్టి
గోడకాడికి పోయి పడినాను.
మా సుగుణ ఆ పూట నాతో మాట్లాడలేదు,
పెన్షన్ పుస్తకం బీరువాలో ఏ అరలో ఉందో మాత్రం
చూసి పెట్టుకుంది.

మొన్న వచ్చిన సెట్టు పెద్దది.
ముఖాన పచ్చకన్ను, అద్దం మీద ఊర్ల పేర్లు,
మద్రాసు పక్కనే కొలంబో, దానికి వేలెడు దూరంలో లండను.
వెనకట్ట ఊడదీస్తే
లోపలివైపు మైదాపిండితో అంటించిన లైసెన్సు పుస్తకం.
ఎం. చెంగల్రాయుడు, దర్జీ, పుత్తూరు.
ఏటేటా గుండ్రటి ముద్రలు.
డెబ్బై తొమ్మిది గడిలో ఎర్రసిరాతో
ఆలస్య రుసుము వసూలైనది.
కింద సంతకం,
తోక కొంచెం ఎక్కువ సాగిన సంతకం,
నాది.

పుత్తూరు పోస్టాఫీసులో నాకప్పుడు ఇరవై ఆరేండ్లు,
రూలంటే మహా నమ్మకం.
కౌంటరు చువ్వలకవతల ఆ మనిషి
మెడలో టేపు తీయకుండానే పరిగెత్తుకొచ్చినాడు.
"నాలుగు నెలలుగా పలకడం లేదు సార్,
పలకనిదానికి కూడానా?"
"పలికినా పలక్కపోయినా, ఇంట్లో ఉంటే కట్టాల్సిందే."
వెనక గుమాస్తాలు నవ్వినారు. నేనూ నవ్వినా.
ఆయన గుండీల డబ్బాలోంచి చిల్లర ఏరి ఇచ్చినాడు.
చిల్లరలో ఒక గుండీ కూడా వచ్చింది.
తిరిగిచ్చేసినా.
అదీ నా నిజాయితీ.

పదకొండు రోజులు పట్టింది.
వాల్వు కోసం మద్రాసు రిచీ స్ట్రీటుకి రెండుసార్లు బస్సెక్కినా.
చివరికి చూస్తే లోపం వాల్వుది కానేకాదు,
చిక్కుడుగింజంత రెసిస్టరు,
ఆ కాలంలో ముప్పావలా కూడా చేసుండదు.
ఎవరూ చెప్పలేదు ఆయనకి.

పుత్తూరు పోయి విచారించినా.
దర్జీల సందులో ఇప్పుడన్నీ సెల్‌ఫోన్ అంగళ్లు.
ఒక ముసలాయన మాత్రం,
"చెంగల్రాయుడా? పాట పెట్టుకుని మిషన్ తొక్కేవాడే, ఆయనేనా?" అని
చెయ్యి గాల్లో ఇట్లా ఊపినాడు,
పోయినాడనో, ఊరొదిలినాడనో.
మళ్లీ అడగలేదు నేను.

నిన్న రాత్రి స్విచ్చి వేసినా.
వాల్వులకి తొందర పనికిరాదు, అర నిమిషం కాగాల.
ముందు గాజులోపల నిప్పురవ్వంత ఎరుపు,
తర్వాత తేనెటీగల మోత,
తర్వాత పచ్చకన్ను, నిద్ర చాలని బిడ్డలాగా.
పక్కింటి ఎల్ఈడీ బల్బుల గరగర నడుమ
మదనపల్లె మార్కెట్టులో టమోటా ధరలు.
సుగుణ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.
"గొంతు బాగుంది దీనిది" అంది.
ధర సంగతి ఎత్తలేదు.

అంతలో కరెంటు పోయింది.
వీధంతా ఒక్కసారిగా చీకటి,
గరగర కూడా ఆగిపోయింది,
రేడియో ఒకటే ఇంకా సగం మాట మీద ఉంది,
కాగిన వేడి చల్లారేదాకా, లోగొంతుతో,
మొదటి రకం, కిలో...

చీకట్లోనే వెనకట్ట తడిమినా.
ఆ పుస్తకంలో చివరి గడి ఖాళీ.
గుండ్రం ముద్ర ఇప్పుడు నా దగ్గర లేదు,
బొటనవేలికి మసి ఉంది.